ఓకే అనడానికి 40 మిల్లీసెకన్లా?

మా అప్లికేషన్‌లో ఏ పనీ చేయని పేజీ ఒకటుంది, పేరు హెల్త్. సర్వర్ల మధ్య రిక్వెస్టులు పంచే లోడ్ బ్యాలెన్సర్ ఐదు సెకన్లకోసారి వచ్చి బతికే ఉన్నావా అని అడుగుతుంది, ఇది ఓకే అని చెప్పి పంపేస్తుంది, అంతే. డేటాబేస్ ముట్టుకోదు, సెషన్ తెరవదు, టెంప్లేట్ అసలే లేదు. ఆ ఒక్క ముక్క చెప్పడానికి 40 మిల్లీసెకన్లు తీసుకుంటోందని మా టీమ్‌లో కర్నూలు తమ్ముడు ఒక మధ్యాహ్నం లాగ్స్ తిరగేస్తూ పట్టుకున్నాడు. "అన్నా, ఊరికే కూర్చున్నదానికే ఇంత టైమ్ అయితే పని చేసే పేజీల గతేంది?" అన్నాడు. నేనప్పుడే బెంగళూరు మారతహళ్లి బ్రిడ్జి దగ్గర ఆంధ్రా మెస్‌లో పప్పు, గోంగూర దట్టించి వచ్చి కూర్చున్నాను, కళ్లు మూతలు పడుతున్నాయి, నెట్‌వర్క్ అయ్యుంటుంది లేరా అనేశాను. కాదు. సర్వర్‌లోకి లాగిన్ అయ్యి అక్కడి నుంచే కొట్టి చూసినా అంతే వచ్చింది.

ముందు మా సరుకేంటో చెప్తాను. గోడౌన్లకీ హోల్‌సేల్ షాపులకీ బిల్లింగ్, స్టాక్ చూసుకునే సాఫ్ట్‌వేర్. పదేళ్ల కిందట ఒకాయన రాసిపెట్టిన సొంత పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్ మీద నడుస్తుంది (ఆయన ఇప్పుడు లేడు, అంటే కంపెనీలో లేడు, మనిషి బాగానే ఉన్నాడు). ప్రతి ఫీచరూ ఒక ప్లగిన్. స్టాక్ ఒకటి, బిల్లింగ్ ఒకటి, జీఎస్టీ రిపోర్టులు ఒకటి, బార్‌కోడ్ ఒకటి, అలా పెరిగి పెరిగి 38 అయ్యాయి. అన్నిటికీ కలిపి 900 పైచిలుకు రూట్లు, అంటే ఏ అడ్రస్ వస్తే ఏ కోడ్ నడవాలో చెప్పే నియమాలు.

పీహెచ్‌పీ సంగతి తెలిసిందే కదా, ప్రతి రిక్వెస్టూ దానికి కొత్త జన్మ. జావాలోనో నోడ్‌లోనో అయితే అప్లికేషన్ ఒకసారి లేచి, రూట్ల పట్టిక ఒకసారి కట్టుకుని, దానితోనే రోజులు గడిపేస్తుంది. ఇక్కడ ఎఫ్‌పీఎమ్‌లో (వెబ్ రిక్వెస్టులకు పీహెచ్‌పీని నడిపేది అదే) ప్రాసెస్ అదే ఉన్నా, మనం కట్టిన ఆబ్జెక్టులన్నీ రిక్వెస్టు అయిపోగానే పోతాయి, తర్వాతి రిక్వెస్టు మళ్లీ అ ఆ ల నుంచి మొదలుపెడుతుంది. కాబట్టి 900 రూట్లు రిజిస్టర్ చేయడమంటే రోజుకోసారి కాదు, ఏ షాపులోనో ఎవరో బటన్ నొక్కిన ప్రతిసారీ. ఆ నొక్కినవాడికి కావాల్సింది ఒక్క రూటు. మిగతావన్నీ కట్టడం, పారేయడం.

మా తమ్ముడి అనుమానం మాత్రం రెగెక్స్ మీదికి పోయింది, అంటే వచ్చిన అడ్రస్‌కి తగ్గ రూటు వెతికే రౌటర్ పోల్చి చూసే నమూనాల మీదికి. "రౌటర్ మరీ పాతదన్నా, ఒక్కో రూటుకీ ఒక్కో రెగెక్స్ పెట్టి వరసగా పోలుస్తోంది, ఫాస్ట్‌రూట్ పెడదాం" అన్నాడు. తప్పుపట్టడానికేం లేదు, పీహెచ్‌పీలో రౌటింగ్ స్పీడు అనగానే అందరికీ ముందు గుర్తొచ్చేది అదే. నికితా పొపోవ్ 2014లో తెచ్చిన లైబ్రరీ. రూట్లను ఒక్కొక్కటిగా పోల్చకుండా కొన్నిటిని కలిపి ఒకే పెద్ద రెగెక్స్‌గా కుట్టేసి, ఒక్క పోలికతో ఏది తగిలిందో తేలుస్తుంది. 2018లో సింఫనీ అనే పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్ 4.1 వెర్షన్ కూడా రూట్లన్నీ కలిపి కుట్టే దారే పట్టింది, ఏ ముక్క తగిలిందో తెలియడానికి రెగెక్స్‌లోనే మార్క్ అనే గుర్తు పెట్టుకుంటుంది. బాగుంటుంది, నాకూ ఇష్టమే. తమ్ముడు రెండ్రోజులు తల వంచుకుని కూర్చుని బ్రాంచిలో అంతా మార్చాడు. హెల్త్ 40 నుంచి 38కి దిగింది. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే, పాపం వాడి మొహం చూడలేకపోయాను.

అప్పుడు చేసింది, మొదటి రోజే చేయాల్సిన పని. టైమ్ కొలిచే హెచ్ఆర్‌టైమ్ ఫంక్షన్‌ని నాలుగు చోట్ల పెట్టి నాలుగు అంకెలు లాగ్‌లోకి రాయించాం. పది నిమిషాల పని. ప్లగిన్లను వెతికి, లేపి, రూట్లు రిజిస్టర్ చేసేసరికి 30 మిల్లీసెకన్లు అయిపోతున్నాయి. వచ్చిన అడ్రసుకు తగ్గ రూటు వెతకడానికి రెండు మూడు. మిగతాది ఫ్రేమ్‌వర్క్ ఒళ్లు విరుచుకోవడానికి. మేం రెండ్రోజులు ఆ రెండు మూడింటితో కుస్తీ పట్టాం.

ఆ 30లో ఏముందో చూద్దామని స్టాక్ ప్లగిన్ తెరిచాను. బూట్ అనే ఫంక్షన్. మొదటి లైన్లో తన కాన్ఫిగ్ ఫైల్ చదువుతుంది. రెండో పనిగా, ఈ క్లయింటుకు ఈ ప్లగిన్ ఆన్‌లో ఉందా అని డేటాబేస్‌ని అడుగుతుంది. హెల్త్ పేజీ డేటాబేస్ ముట్టుకోదని పైన చెప్పాను కదా, అది నా నమ్మకం, నిజం కాదు. 38 ప్లగిన్లూ తలా ఒక క్వెరీ కొట్టాకే హెల్త్ వంతు వస్తోంది. ఆన్‌లో ఉంటే తర్వాత 40 రూట్లు వరసగా కలుపుతుంది, ఒక్కోదానికీ ఒక ఆబ్జెక్టు, దానిలో ఉన్న ఐడీ, తేదీ లాంటి ఖాళీలను రెగెక్స్‌గా మార్చడం, మిడిల్‌వేర్ల (అసలు కోడ్‌కి ముందు నడిచే తనిఖీల్లాంటివి) జాబితా తగిలించడం. చివర్లో ఎవరో అజ్ఞాత మహానుభావుడు రిపోర్ట్ టెంప్లేట్ల ఫోల్డర్‌ని కూడా ఒకసారి స్కాన్ చేయించాడు, ఎందుకో కామెంట్ లేదు. వీటన్నిటికీ ముందు ఫ్రేమ్‌వర్క్ ప్లగిన్ల ఫోల్డర్‌ని గ్లాబ్‌తో (ఫోల్డర్‌లో ఏమున్నాయో జాబితా ఇచ్చే ఫంక్షన్) వెతుకుతుంది, ప్రతి రిక్వెస్టుకీ, రాత్రికి రాత్రి ఎవరైనా కొత్త ప్లగిన్ తెచ్చి పడేశారేమో అన్నట్టు.

మా అపార్ట్‌మెంట్‌లో ఇంతకుముందున్న వాచ్‌మన్ ఇలాగే ఉండేవాడు. పార్సిల్ వస్తే 101 నుంచి మొదలుపెట్టి అన్ని ఇళ్ల తలుపులూ కొట్టి "మీదేనా, మీదేనా" అని అడిగేవాడు. గేటు దగ్గర పేర్ల రిజిస్టర్ పెట్టాక గానీ మా మధ్యాహ్నం నిద్రలు బాగుపడలేదు.

మేం పెట్టిందీ అలాంటి రిజిస్టరే. ప్లగిన్‌ని లేపి నీ రూట్లేంటో చెప్పు అనడం మానేశాం. ప్రతి ప్లగిన్‌లో రూట్స్ అని ఒక ఫైల్ ఉంటుంది, అది ఒక అరేని రిటర్న్ చేస్తుంది, ఇంకేం చేయదు. అడ్రస్ ఇది, మెథడ్ ఇది, ఈ క్లాసులో ఈ ఫంక్షన్ పిలవండి, దీని పేరు ఇది. అన్నీ మామూలు స్ట్రింగులే. క్లాసు పేరు రాస్తాం, క్లాసుని తయారు చేయం. కొత్త కోడ్‌ని సర్వర్ల మీదికి డిప్లాయ్ చేసేముందు ఒక కమాండ్ నడుస్తుంది, అది 38 ఫైళ్లూ చదివి, అన్నిటినీ కలిపి, రెగెక్స్‌లు కూడా అప్పుడే కుట్టేసి, ఒకే ఒక్క పీహెచ్‌పీ ఫైల్‌గా రాసిపెడుతుంది. ఏ ప్లగిన్లు ఉన్నాయో తెలుసుకోవడానికి గ్లాబ్ బదులు పీహెచ్‌పీ ప్యాకేజీలను చూసుకునే కంపోజర్‌నే అడుగుతాం, కంపోజర్ 2లో ఇన్‌స్టాల్డ్ వెర్షన్స్ అనే క్లాసు ఆ పనికే ఉంది.

పీహెచ్‌పీ ఫైలే ఎందుకు, జేసన్ సరిపోదా అని మా లీడ్ అడిగాడు. నెల్లూరాయన, ప్రతిదానికీ రెండోసారి అడిగించుకోనిదే ఒప్పుకోడు, అడగడం మంచిదే. జేసన్ అయితే ప్రతి రిక్వెస్టుకీ చదివి విడదీయాలి. ఏపీసీయూ అనే మెమరీ క్యాష్‌లో పెట్టినా, తీసిన ప్రతిసారీ షేర్డ్ మెమరీ నుంచి మన ప్రాసెస్‌లోకి కాపీ అవుతుంది. అదే కేవలం స్థిరమైన విలువలున్న అరేని రిటర్న్ చేసే పీహెచ్‌పీ ఫైల్ అయితే, కంపైల్ చేసిన పీహెచ్‌పీ కోడ్‌ని మెమరీలో దాచే ఓపీక్యాష్ దాన్ని ఒకసారి కంపైల్ చేసి ఆ అరేని అలాగే షేర్డ్ మెమరీలో ఉంచుతుంది. పీహెచ్‌పీ 7 నుంచీ అది కాపీ కాకుండా ఉన్నచోటు నుంచే చదవడానికి దొరుకుతుంది. 900 రూట్లున్నా 9 ఉన్నా ఇన్‌క్లూడ్ ఖర్చు దాదాపు ఒకటే. షరతల్లా, అందులో ఆబ్జెక్టులూ క్లోజర్లూ (పేరు లేకుండా అక్కడికక్కడే రాసేసే ఫంక్షన్లు) ఉండకూడదు. ఫాస్ట్‌రూట్ క్యాష్ కూడా ఇలా ఫైల్‌గా రాసే పద్ధతే, దాన్ని వాడుకున్నా క్లోజర్ల దగ్గర ఇదే గోడ తగులుతుంది.

ఆ క్లోజర్ల దగ్గరే సగం శ్రమ. రూట్ రాసిన చోటే చిన్న ఫంక్షన్ రాసేయడం చేతికి హాయిగా ఉంటుంది, నేను కూడా బోలెడు రాశాను, ఇప్పుడు నా చేతులతోనే అవన్నీ క్లాసుల్లోకి మార్చుకున్నాను, దాదాపు 70 చోట్ల, ఒక వారం, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని.

ఇక రూటు వెతికే పద్ధతి. ఖాళీలు లేని అడ్రసులు, అంటే హెల్త్, లాగిన్ లాంటివి, అన్నీ ఒక అరేలో తాళంచెవులుగా ఉంటాయి, చూడగానే దొరుకుతాయి. మిగతావాటిని అడ్రస్‌లో మొదటి ముక్కను బట్టి విడదీశాం. స్టాక్‌తో మొదలైతే స్టాక్ ప్లగిన్ రెగెక్స్ ఒక్కటే పోలుస్తాం, మిగతా 37 వైపు చూడం కూడా. తగిలాకే ఆ ఒక్క ప్లగిన్‌ని లేపుతాం, దాని కాన్ఫిగ్, దాని సర్వీసులు అన్నీ అప్పుడే. ఇక్కడ తమ్ముడి రెండ్రోజుల పని వృథా పోలేదు, వాడు ఫాస్ట్‌రూట్ కోడ్ చదివి నేర్చుకున్న కుట్టుపనే ఈ బిల్డ్ కమాండ్‌లో వాడాం.

ఇంతవరకూ చదివితే సాఫీగా జరిగిందనుకుంటారు. లేదు.

మొదట తగిలింది లింక్స్ ప్లగిన్. క్లయింట్లు తమ కస్టమర్లకు పొట్టి లింకులు పంపుకోవడానికి రాసింది, దాని రూటు ఒకటే: డొమైన్ తర్వాత ఏ ఒక్క ముక్క ఉన్నా నాదే. దీన్ని ముందు రిజిస్టర్ చేస్తే ఒక్క ముక్క అడ్రసులన్నీ మింగేస్తుంది. మరి ఇన్నాళ్లూ ఎలా నడిచిందా అని చూస్తే, ఆ ఫోల్డర్ పేరు జెడ్‌జెడ్ లింక్స్. గ్లాబ్ అక్షర క్రమంలో ఇస్తుంది కాబట్టి చివరికి రావడానికి ముందు రెండు జెడ్‌లు తగిలించారు. నవ్వాలో దండం పెట్టాలో తెలియలేదు. ఇప్పుడు ఆ ఆధారం లేకుండా, ఇలాంటి అన్నీ మింగే రూట్లకు వాటి ఫైల్‌లోనే చివర అని గుర్తు పెట్టిస్తున్నాం, గుర్తు లేకుండా ఎవరి అడ్రస్‌తోనైనా గొడవ పడితే బిల్డ్ అక్కడే ఆగిపోయి రెండు ప్లగిన్ల పేర్లూ చెప్తుంది. మొదటిసారి నడిపినప్పుడు ఇంకో మూడు గొడవలు బయటపడ్డాయి. అందులో ఒకటి బార్‌కోడ్ ప్రింట్ పేజీ, రెండు ప్లగిన్లు ఒకే అడ్రస్‌ని ఎన్నాళ్ల నుంచి పంచుకుంటున్నాయో ఎవరికీ తెలియదు, ముందొచ్చినది గెలుస్తోంది, రెండోది రాసినవాడు అది పని చేస్తోందనే అనుకుంటున్నాడు.

రెండోది మెనూ. స్టేజింగ్‌లో, అంటే పరీక్షల సర్వర్‌లో, పెట్టగానే బిల్లింగ్ పేజీ తెరుచుకుంది, ఎడమ పక్క మెనూ దగ్గర ఎర్రర్. కారణం సింపులే కానీ ముందు తట్టలేదు: మెనూలో స్టాక్‌కీ రిపోర్టులకీ లింకులుంటాయి, ఆ లింకులు రూటు పేరు నుంచి తయారవుతాయి, మేమేమో బిల్లింగ్ ప్లగిన్ ఒక్కదాన్నే లేపాం, మిగతా పేర్లు ఎవరికి తెలుసు? రూటు అంటే వచ్చే దారి మాత్రమే అనుకుంటాం, పోయే దారి కూడా అదే. పేరు చెప్తే అడ్రస్ ఇచ్చే పట్టికను కూడా అదే ఫైల్‌లో రాయించాక కుదురుకుంది. ప్లగిన్లను అవసరమైనప్పుడే లేపాలని చూసేవాళ్లు ఈ ఒక్కటి ముందే రాసి పెట్టుకోండి.

ఆ 38 క్వెరీల సంగతి. ఏ క్లయింటుకు ఏ ప్లగిన్ ఆన్‌లో ఉందో చూసి, ఉన్నవాటినే రిజిస్టర్ చేయడం పాత పద్ధతి. ఒక్కో క్లయింటుకీ ఒక్కో రూట్ ఫైల్ తయారు చేద్దామని ఒకరు అన్నారు, నేను గట్టిగా అడ్డం పడ్డాను. క్లయింట్ అడ్మిన్ ఒక ప్లగిన్ ఆఫ్ చేసిన ప్రతిసారీ ఫైల్ మళ్లీ రాయాలంటే నడుస్తున్న సర్వర్ మీద కోడ్ ఫైల్ రాసే అనుమతి ఇవ్వాలి, నాకది ఒంటికి పడదు. రిజిస్టర్ చేయడం వేరు, అనుమతించడం వేరు. రూట్లన్నీ అందరికీ రిజిస్టర్ అయి ఉంటాయి, ఒకటి తగిలాక ఆ ప్లగిన్ ఈ క్లయింటుకు ఉందా అని ఒక్క క్వెరీ, లేదంటే పేజీ లేదని 404.

మూడో దెబ్బ మాత్రం స్టేజింగ్‌లో కాదు, నేరుగా క్లయింట్లు వాడే ప్రొడక్షన్‌లో, అదీ నేను ఊరికి బయల్దేరిన శుక్రవారం రాత్రి. టిన్ ఫ్యాక్టరీ దగ్గర కడప బస్సు కోసం నిలబడ్డాను, ఫుట్‌పాత్ నిండా బ్యాగులు, జనం, లీడ్ ఫోన్. "ఏమయ్యా, ఈ-వే బిల్ కొత్త పేజీ ఒకసారి వస్తోందంట, ఒకసారి 404 అంట, క్లయింట్ తిడతా ఉన్నాడు." ఒకసారి వచ్చి ఒకసారి రాకపోవడం అనగానే కడుపులో దేవినట్టయింది, రెండు సర్వర్లున్నాయి మాకు. బస్సెక్కి, ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని చూస్తే రెండు సర్వర్లలోనూ రూట్ ఫైల్ కొత్తదే ఉంది. డిస్క్ మీద.

జరిగింది ఇది. స్పీడు పెరిగిన ఉత్సాహంలో, ఫైల్ మారిందా లేదా అని ఓపీక్యాష్ పదే పదే చూసుకునే సెట్టింగ్‌ని కూడా ఆపేశాం, వ్యాలిడేట్ టైమ్‌స్టాంప్స్ అనేది. అది ఆపితే డిస్క్ మీద ఫైల్ మారినా ఓపీక్యాష్‌కి తెలియదు, చెప్పాలి. చెప్పడానికి డిప్లాయ్ స్క్రిప్ట్‌లో ఓపీక్యాష్ రీసెట్ ఫంక్షన్‌ని కమాండ్ లైన్ నుంచి పిలిచాం. కమాండ్ లైన్ పీహెచ్‌పీ వేరు, ఎఫ్‌పీఎమ్ వేరు, రెండిటికీ ఓపీక్యాష్ మెమరీ వేరువేరు. ఇక్కడ రీసెట్ కొడితే అక్కడ చీమ కూడా కదలదు. పైగా కమాండ్ లైన్‌లో ఓపీక్యాష్ మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది, ఆ ఫంక్షన్ పాపం ప్రతిసారీ ఫాల్స్ అనే చెప్తోంది, మా స్క్రిప్ట్ దాన్ని పట్టించుకోలేదు. ఒక సర్వర్‌ని ఆ రోజు వేరే పని మీద రీస్టార్ట్ చేశారు కాబట్టి దానికి కొత్త పట్టిక అందింది, రెండోది పాతదాంతోనే కూర్చుంది. హొసకోట దాటుతుండగా రెండో సర్వర్‌లో ఎఫ్‌పీఎమ్ రీలోడ్ కొట్టాను, సరిపోయింది. చింతామణి దాటాక సిగ్నల్ కూడా సరిగ్గా లేదు, ఇంకో అరగంట ఆలస్యమైతే నా గతి ఏమయ్యేదో.

ఇప్పుడు ఫైల్‌ని ముందు వేరే పేరుతో రాసి, పూర్తయ్యాకే అసలు పేరుకు మారుస్తున్నాం, సగం రాసిన ఫైల్‌ని ఎవరూ చదవకుండా. దాని వెంటే ఎఫ్‌పీఎమ్ రీలోడ్. మొదటి రిక్వెస్టు వచ్చినప్పుడు క్యాష్ తయారవుతుందిలే అనే పద్ధతి అస్సలు వద్దు, ఒకేసారి 50 మంది వస్తే 50 మందీ తయారు చేయడం మొదలుపెడతారు.

సొంత ఫ్రేమ్‌వర్క్ గోల మాకెందుకు అనేవాళ్లకు: మీ దగ్గరా ఇదే ఉంది, పేర్లే వేరు. లారావెల్ ఫ్రేమ్‌వర్క్‌లో రూట్ క్యాష్ కమాండ్ ఉంది, ప్యాకేజీలు రాసేవాళ్లు లోడ్ రూట్స్ ఫ్రమ్ అనే ఫంక్షన్ వాడితే క్యాష్ ఉన్నప్పుడు ఆ ఫైల్ జోలికి పోదు. కానీ చాలామంది సర్వీస్ ప్రొవైడర్‌లో నేరుగా రిక్వైర్ రాసేస్తారు, క్యాష్ ఉన్నా సరే ఆ ఫైల్ ప్రతిసారీ నడుస్తూనే ఉంటుంది. ప్యాకేజీలను వెతకడానికి లారావెల్ 5.5 నుంచి వాడుతున్నది కూడా కంపోజర్‌ని ఒకసారి అడిగి జవాబును ఫైల్‌లో దాచుకునే పద్ధతే. కేక్‌పీహెచ్‌పీలో 3.6 నుంచి ప్లగిన్ క్లాసులో రూట్స్ అని ఒక హుక్ ఉంది, రూట్లే లేని ప్లగిన్‌కి దాన్ని ఆపేయొచ్చు, చాలామంది ఆపరు. వర్డ్‌ప్రెస్ అయితే ఎప్పటి నుంచో రీరైట్ రూల్స్‌ని, అంటే తన రూట్లను, తయారుచేసి ఆప్షన్స్ టేబుల్‌లో పెట్టుకుంటుంది, ప్లగిన్ యాక్టివేట్ అయినప్పుడో డీయాక్టివేట్ అయినప్పుడో మాత్రమే ఫ్లష్ చేయాలి, అంటే చెరిపి మళ్లీ తయారు చేయాలి. దాన్ని ఇనిట్ హుక్‌లో పెట్టి ప్రతి పేజీకీ ఫ్లష్ కొట్టే ప్లగిన్లను నేను ఫ్రీలాన్స్ రోజుల్లో ఎన్ని చూశానో. పేజీ 404 వస్తోందంటే పర్మాలింక్స్‌లోకి వెళ్లి సేవ్ నొక్కండి అని చెప్పే చిట్కా వెనక ఉన్నదీ ఈ ఫ్లషే.

ఫ్రాంకెన్‌పీహెచ్‌పీ, రోడ్‌రన్నర్ లాంటి పీహెచ్‌పీ సర్వర్లు వాడి వర్కర్ మోడ్‌లో నడిపితే అప్లికేషన్ ఒక్కసారే లేస్తుంది కాబట్టి ఈ తలనొప్పి సగానికి సగం పోతుంది. మా కోడ్‌లో స్టాటిక్ వేరియబుల్స్‌లో క్లయింట్ ఐడీ దాచుకునే చోట్లున్నాయి, ఒక షాపు బిల్లు ఇంకో షాపుకు కనిపిస్తే నేను కడపలోనే ఉండిపోవాలి. కాబట్టి అది తర్వాత.

హెల్త్ ఇప్పుడు 9 మిల్లీసెకన్లు. ఒకే ఒక్క ప్లగిన్ పాత పద్ధతిలోనే మిగిలింది, నెలాఖరు రిపోర్టులది, దాని రూట్లు ఒక లూప్‌లో డేటాబేస్ చూసి తయారవుతాయి, రాసినతను ఇప్పుడు నాలుగో అంతస్తులో వేరే టీమ్‌లో ఉన్నాడు, కాఫీకి పిలిచి మెల్లగా అడగాలి. జెడ్‌జెడ్ లింక్స్ పేరు మాత్రం అలాగే ఉంది, ముందున్న ఆ రెండు అక్షరాలు తీసేద్దామని తమ్ముడు నెల నుంచి అడుగుతున్నాడు, లీడ్ వద్దంటున్నాడు, ఇద్దరు క్లయింట్ల కాన్ఫిగ్‌లో ఆ పేరుందంట.